కపిల బావి నుంచి కుండీ దాకా: బెంగళూరు తోటల చరిత్ర

బెంగళూరుకు ఉద్యాన నగరి అన్న పేరు రావడానికి అక్కడి చల్లని వాతావరణమే కారణమని సాధారణంగా చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉండటం వల్ల ఎండ రాయలసీమలోనో కోస్తాలోనో ఉన్నంత తీవ్రంగా ఉండదనీ, అందువల్ల మైదానాల్లో బతకని శీతల దేశపు మొక్కలు కూడా అక్కడ నిలదొక్కుకున్నాయనీ అనడంలో నిజం ఉంది గానీ, అది సగం నిజం. ఊరు ఒక మెరక మీద ఉంది. అక్కడ పడిన వాన కొంత పడమటి వైపు వృషభావతి, అర్కావతుల మీదుగా కావేరిలోకీ, మిగిలినది తూర్పున దక్షిణ పినాకినిలోకీ జారిపోతుంది. ఏడాది పొడవునా పారే పెద్ద నది ఏదీ ఊరి పక్కన లేదు. డిసెంబరు మొదలు మార్చి దాటేదాకా వాన దాదాపు ఉండదు. ఇటువంటి చోట నాటిన ప్రతి మొక్కకూ నాలుగు నెలల పాటు ఎవరో ఒకరు నీరు తెచ్చి పోయవలసిందే. ఆ నీరు ఎక్కడిది, దాన్ని తోడి పోసిన చేతులు ఎవరివి అని అడుగుతూ చూస్తే, బెంగళూరు తోటల చరిత్ర రాజుల పేర్లతోనూ సూపరింటెండెంట్ల పేర్లతోనూ చెప్పుకునే చరిత్ర కన్నా చాలా విశాలంగా కనబడుతుంది.

లాల్‌బాగ్‌ను 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. మొఘలుల దక్షిణాది సుబాలలో ఒకదానికి రాజధానిగా ఉన్న శిరా పట్టణంలోని తోటను చూసి అటువంటిదే బెంగళూరు కోట సమీపంలో వేయించాలన్న కోరికతో సుమారు 40 ఎకరాల్లో దీన్ని ప్రారంభించాడని చెబుతారు. అతని కొడుకు టిప్పు సుల్తాన్ తోటను విస్తరించి దూరదేశాల నుంచి మొక్కలనూ విత్తనాలనూ తెప్పించాడు. 1788లో ఫ్రాన్స్ రాజు కొలువుకు వెళ్లిన అతని రాయబారులు కోరిన వాటిలో చేతిపనివారితో పాటు విత్తనాలూ తోటమాలులూ కూడా ఉండటం, రాజ్యానికి తోట ఎంత ముఖ్యమైన వ్యవహారంగా ఉండేదో తెలుపుతుంది. అయితే ఈ తండ్రీకొడుకుల తోటలు లోపల ఎలా ఉండేవో, వాటిని ఎలా సాకేవారో తెలుసుకోవడానికి రాజశాసనాల కన్నా ఒక పరాయి వైద్యుడి డైరీ ఎక్కువ ఉపకరిస్తుంది.

టిప్పు మరణించిన మరుసటి ఏడాది, అంటే 1800 మే నెలలో, ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఆజ్ఞపై మైసూరు దేశాన్ని పరిశీలించడానికి బయలుదేరిన ఆ వైద్యుడు, ఫ్రాన్సిస్ బుకానన్, ఈ తోటలను చూశాడు. చదరపు మళ్లుగా విభజించిన నేల, మళ్ల మధ్య నడకదారులు, దారులకు ఇరువైపులా సరుగు చెట్టును తలపించే పొడవాటి సైప్రస్ చెట్లు, ఒక్కో మడిలో ఒకే జాతి మొక్క ఉండేలా ఒకచోట అంతా గులాబీలు, మరొకచోట అంతా దానిమ్మలు అతనికి కనిపించాయి. ద్రాక్ష ఏపుగా పెరుగుతోంది, ఆపిల్, పీచ్ చెట్లు కాపు కాస్తున్నాయి, గుడ్ హోప్ అగ్రం నుంచి అప్పటికి కొత్తగా తెచ్చిన పైన్, ఓక్ మొక్కలు వేళ్లూనుకుంటున్నాయి. యుద్ధం వల్ల మళ్లు నిర్లక్ష్యానికి గురైన మాట నిజమే అయినా, ఈ తోటల అసలు లోపం నీటి కొరతేనని బుకానన్ తేల్చాడు. మండు వేసవిలో వచ్చిన మనిషి కనుక ఆ లోపం అతని కంటికి మరింత స్పష్టంగా కనబడి ఉంటుంది.

హైదర్ తోటకు మూడు బావుల నుంచి కపిలతో నీరు తోడేవారని అతడు రాశాడు. రాయలసీమలో కపిల అనీ, తెలంగాణలో మోట అనీ పిలిచే ఈ సాధనంలో, బావి అంచున నిలిపిన గిలక మీదుగా పోయే మోకుకు ఒక కొసన పెద్ద తోలు సంచీ, మరో కొసన జత ఎద్దులూ ఉంటాయి. బావి గట్టు నుంచి పల్లానికి దిగే ఏటవాలు బాటలో ఎద్దులు కిందికి నడిస్తే సంచి పైకి వచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది, ఎద్దులు వెనక్కి ఎక్కితే సంచి తిరిగి బావిలోకి దిగుతుంది. దిగుడులో ఎద్దుల బరువు కూడా లాగుడుకు తోడుపడటమే ఇందులోని కిటుకు. నిలువు స్తంభంపై అడ్డంగా ఆడే పొడవాటి దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తూ నీరు తోడే ఏతం కన్నా ఇదే ఎక్కువ ఫలితమిస్తుందని అక్కడి పనివారు బుకానన్‌కు చెప్పారు. టిప్పు తోటకు యంత్రాలతో పని లేకుండా చెరువు నుంచే నీరు పారేది, కానీ అక్కడ కాలువలకూ పాదులకూ ఇటుకా గచ్చూ ఎంత విరివిగా వాడారంటే ప్రతి చెట్టూ ఒక బావిలో నాటినట్లు ఉందని అతడు వ్యాఖ్యానించాడు. బుకానన్ దీన్ని అభిరుచి లోపంగా భావించాడు. వాన లేని నెలల్లో పాదులో పోసిన నీరు పక్కకు ఇంకిపోకుండా చెట్టు వేళ్లకే దక్కాలంటే గచ్చు కట్టడం కన్నా నమ్మకమైన దారి ఆనాడు లేదు కనుక, ఆ కట్టడాన్ని నీటి విలువ తెలిసినవారి పనిగా చూడటమే న్యాయం.

ఏతం కన్నా కపిల మేలని చెప్పిన ఆ పనివారి పేర్లు మాత్రం బుకానన్ రాతల్లో లేవు. తర్వాతి శతాబ్దపు తోట నివేదికల్లోనూ, మొక్కల జాబితాల్లోనూ తోటమాలుల పేర్లు వెతికినా దొరకడం అరుదు. బెంగళూరులో ఈ వృత్తికి మూలాధారమైన సముదాయం తిగళులు. వహ్నికుల క్షత్రియులమని చెప్పుకునే వీరి పూర్వులు తమిళ దేశం నుంచి వచ్చి పాత ఊరి చుట్టూ ఉన్న చెరువుల కింద స్థిరపడ్డారు. సంపంగి చెరువు, ధర్మాంబుధి, కెంపాంబుధి వంటి చెరువుల ఆయకట్టులోనూ, వాటి అంచున తవ్విన లోతు తక్కువ బావుల పక్కనా వీరు ఆకుకూరలూ, కూరగాయలూ, పూలూ పండించి పేటలోని అంగళ్లకు తెచ్చేవారు. చెరువులో పేరుకున్న ఒండ్రుమట్టి మళ్లకు ఎరువయ్యేది. ఒండ్రు తీసిన చెరువు మరింత నీరు పట్టేది. చెరువునూ తోటనూ ఒకదానికొకటి పోషకంగా నిలిపిన ఈ ఏర్పాటే, లాల్‌బాగ్‌కు ముందూ తర్వాతా కూడా, ఊరి అసలైన తోటల వ్యవస్థ.

తిగళుల ప్రధాన పండుగ కరగ ఈ బంధాన్ని ఈనాటికీ చూపుతుంది. చైత్ర మాసంలో జరిగి పున్నమి రాత్రి ముగింపుకు వచ్చే ఈ ఉత్సవంలో, ద్రౌపదిని ఆదిశక్తిగా కొలిచే ధర్మరాయస్వామి ఆలయం నుంచి పూజారి స్త్రీ వేషంలో, మల్లెపూలతో గోపురంలా అలంకరించిన కరగ కలశాన్ని చేత్తో పట్టుకోకుండా తలపై నిలిపి, కత్తులు దూసిన వీరకుమారులు వెంటరాగా తెల్లవార్లూ పాత పేట వీధుల్లో తిరుగుతాడు. దారిలో మస్తాన్ సాహెబ్ దర్గా వద్ద ఆగడం ఆనవాయితీ. ఉత్సవానికి సంబంధించిన పూర్వకార్యాలు నీటి ఒడ్డున జరగాలి కనుక, సంపంగి చెరువు పూడిపోయి అక్కడ కంఠీరవ స్టేడియం వెలసిన తర్వాత కూడా దాని పక్కన ఒక చిన్న కుంటను ఈ ఆచారం కోసం మిగిల్చారు. తోటలు పోయినా పండుగ నిలవడం సంతోషకరమే గానీ, ఆ పండుగను ఇచ్చిన వృత్తి ఏ నీటి మీద బతికిందో మరిచి కేవలం ఊరేగింపునే చూడటం ఆ సముదాయానికి తగిన గౌరవం కాదు.

టిప్పు పతనం తర్వాత లాల్‌బాగ్ చరిత్ర ఒక తెలుగు ఊరితో ముడిపడింది. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు కంపెనీ వైద్యుడిగా ఉంటూ తోట వేసి, మిరియం, నీలి, చెరకు వంటి పైర్లపై ప్రయోగాలు చేసి, స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై 1795 నుంచి లండన్‌లో వెలువడిన అతని గ్రంథంలో 300 బొమ్మలు ఉండగా, మొక్కల శాస్త్రీయ నామాలతో పాటు తెలుగు పేర్లనూ అతడు నమోదు చేశాడు. రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లిపోగా సామర్లకోట బాధ్యత బెంజమిన్ హైన్ అనే జర్మన్ వైద్యుడికి వచ్చింది. 1799 తర్వాత కాలిన్ మెకంజీ నాయకత్వంలో మైసూరు సర్వే మొదలైనప్పుడు ఆ బృందానికి వృక్షశాస్త్రజ్ఞుడిగా ఈ హైన్‌నే పంపి, బెంగళూరు తోటను అతని చేతికి అప్పగించారు. అరుదైనవో అందమైనవో అయిన మొక్కల కన్నా ఉపయోగకరమైన మొక్కలకే పెద్దపీట వేయాలన్నది హైన్‌కు ప్రభుత్వం ఇచ్చిన ఆదేశాల సారం. సుల్తానుల విహారవనం ఆ ఆదేశంతో కంపెనీకి ప్రయోగక్షేత్రం అయింది. సామర్లకోట తోట ఈనాడు పుస్తకాల్లోనే మిగిలినా, అక్కడ అలవడిన పనితీరు కొంతవరకు బెంగళూరుకు చేరిందని చెప్పవచ్చు.

తర్వాతి అర్ధశతాబ్దం చేతులు మారడంతోనే గడిచింది. మధ్యలో తోట ఎవరి ఆధీనంలోకి వచ్చిందో ఆ మేజర్ గిల్బర్ట్ వా లాల్‌బాగ్‌ను 1819లో కంపెనీకి అప్పగించగా కొన్నేళ్లు కలకత్తా తోట అధిపతి నథానియల్ వాలిక్ పర్యవేక్షణలో ఉండి, 1836లో కమిషనర్ మార్క్ కబ్బన్ హయాంలో ఒక వ్యవసాయ ఉద్యాన సంఘానికి దక్కి, ఆ సంఘం ఎక్కువ కాలం నిలవకపోవడంతో మళ్లీ దిక్కులేనిదైంది. వైద్యుడూ అడవుల సంరక్షకుడూ అయిన హ్యూ క్లెగ్‌హార్న్ సిఫారసుపై 1856లో దీన్ని ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా ప్రకటించి, రెండేళ్లకు లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలో తర్ఫీదు పొందిన విలియం న్యూను సూపరింటెండెంటుగా నియమించడంతో తోట కుదుటపడింది.

1874 నుంచి 1908 దాకా ఆ పదవిలో ఉన్న జాన్ కేమరాన్ కాలం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సామాన్యుల పెరళ్లనూ వంటిళ్లనూ మార్చినది ఆ కాలమే. పూల ప్రదర్శనల కోసం ఇనుమూ అద్దాలతో కట్టిన గాజు మందిరానికి 1889 నవంబరు 30న రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. లండన్ స్ఫటిక మందిరాన్ని పోలిన ఆ కట్టడమే లాల్‌బాగ్‌కు చిహ్నంగా ప్రసిద్ధి చెందింది. కానీ కేమరాన్ చేసిన మరింత ముఖ్యమైన పని కొత్త కాయగూరలనూ పండ్లమొక్కలనూ తెప్పించి, అలవాటు చేసి, నారూ అంట్లూ పంచడం. మెక్సికో ప్రాంతానికి చెందిన ఒక తీగ కాయను బెంగళూరు చుట్టుపక్కల వ్యాపింపజేసిన ఘనత ఆయనకే దక్కుతుంది. తెలుగువారు నేటికీ బెంగళూరు వంకాయ అని కొని పప్పులోనూ కూటులోనూ వండుకునేది దానినే. కాయలో ఒకే గింజ ఉండి కాయతో సహా నాటితేనే మొలకెత్తుతుంది కనుక దీనికి విత్తనాల పొట్లాలతో పని లేదు, ఒక ఇంటి పందిరి నుంచి ఇంకో ఇంటికి కాయ చేరితే చాలు. ఒక ప్రభుత్వ తోట నుంచి బయలుదేరిన మొక్క దక్షిణాది పెరళ్లన్నిటా ఇంత తేలిగ్గా పాకడానికి ఈ గుణం తోడ్పడి ఉంటుంది.

1809లో ఏర్పడిన దండు, అంటే ఆంగ్లేయుల సైనిక కంటోన్మెంటు, మరో రకపు తోటపనిని తెచ్చింది. విశాలమైన ఆవరణ మధ్యన బంగళా, ముందు పచ్చిక, వసారా మెట్ల వెంట వరుసగా కాషాయపు రంగు పూసిన మట్టి కుండీల్లో ఫెర్నులూ, బిగోనియాలూ, రంగురంగుల క్రోటన్లూ ఉండటం ఆ ఇళ్ల ఆనవాలు. కుండీ మొక్కను సాకే విద్య మడిలో మొక్కను పెంచడం కన్నా వేరు: వేళ్లు విస్తరించే చోటు లేదు కనుక మట్టిని మనిషే కూర్చాలి. ఎర్రమట్టి, కుళ్లిన ఆకుల మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక పాళ్లుగా కలిపి, అడుగున రంధ్రంపై పెంకుముక్క బోర్లించి, నీరు నిలవకుండా చూసి, వేళ్లు కుండీని చుట్టేసినప్పుడు తీసి కత్తిరించి మళ్లీ నాటడం మాలి ప్రతి ఏటా చేసే పని. ఇదే సమయంలో పేటలోని పాత ఇళ్లలో తులసికోట, మల్లె పందిరి, కరివేపాకు, కొబ్బరి, సంపెంగ ఉండేవి. వాటికి స్నానాల నీరూ అంట్లు కడిగిన నీరూ పారించుకునేవారు కనుక ఆ పెరళ్లు ప్రత్యేకంగా ఏ బావినీ ఖాళీ చేయలేదు.

1896లో హెసరఘట్ట చెరువు నుంచి గొట్టాల ద్వారా నీరు రావడం ఈ చరిత్రలో అతి పెద్ద మలుపు. ప్లేగు వచ్చిన 1898లో కొత్తగా వెలసిన బసవనగుడి, మల్లేశ్వరం పేటల్లో ఇళ్ల చుట్టూ ఖాళీ స్థలం వదలడం, ఆ స్థలంలో తోట వేయడం మధ్యతరగతి కుటుంబాల అలవాటు కావడానికి కుళాయి నీరే వీలు కల్పించింది. 1933లో తిప్పగొండనహళ్లి జలాశయమూ, 1974లో కావేరి నీరూ దానికి తోడయ్యాయి. నీరు దూరం నుంచి వచ్చే కొద్దీ ఊళ్లోని చెరువులపై అక్కర తగ్గింది. ధర్మాంబుధి పూడి బస్టాండు అయింది, సంపంగి మైదానమైంది, వాటి కింది తోటభూములు ఇళ్ల స్థలాలయ్యాయి. ఇంటింటా తోటలను సాధ్యం చేసిన నీరే తోటలవారి పొలాలను పోగొట్టిందన్న ఈ వైరుధ్యాన్ని పట్టించుకోకుండా ఉద్యాన నగరి కీర్తిని చెప్పుకోవడం అసంపూర్ణం.

కుళాయి నీటి యుగపు తోటలకు రూపమిచ్చినవాడు జర్మనీకి చెందిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్. క్యూ ఉద్యానంలో పనిచేసి, బరోడా సంస్థానంలో కొలువు చేసి, 1908లో మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయర్ ఆహ్వానంపై వచ్చి 1932 వరకు లాల్‌బాగ్‌ను నడిపాడు. ఒక వీధిలో పూత ముగిసేసరికి మరో వీధిలో మొదలై, ఏడాదిలో ఏ నెలలోనైనా ఎక్కడో ఒకచోట చెట్లు పూసి ఉండేలా జాతులను ఎంచి నాటడం ఆయన పథకం. దక్షిణ అమెరికాకు చెందిన జకరండా, తబేబుయాలూ, మడగాస్కర్‌కు చెందిన గుల్‌మొహరూ ఇందుకు పనికివచ్చాయి. నేడు కనబడే వీధి చెట్లన్నీ ఆయన నాటినవే అనుకోవడం మాత్రం పొరపాటు. అటవీ అధికారి ఎస్. జి. నేగినహాళ్ నేతృత్వంలో 1980లలో జరిగిన భారీ నాట్లు వాటిలో పెద్ద భాగానికి మూలం. క్రుంబీగల్ 1912లో మైసూరు ఉద్యాన సంఘాన్ని నెలకొల్పి, పూల ప్రదర్శనలకూ, తోటమాలుల శిక్షణకూ, మొక్కల అమ్మకానికీ క్రమపద్ధతి ఏర్పరచాడు. ఒకనాడు తండ్రి నుంచి కొడుకు నేర్చుకున్న పని అప్పటి నుంచి పాఠశాలలో చెప్పే విద్య కూడా అయింది.

ఆయన తర్వాత హెచ్. సి. జవరాయ, మరికొంత కాలానికి ఎం. హెచ్. మరిగౌడ ఆ బాధ్యత వహించారు. హార్వర్డ్‌లో చదివి వచ్చి 1951 నుంచి రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన మరిగౌడ, తోటల విస్తరణతో పాటు రైతుల అమ్మకాలపైనా దృష్టి పెట్టాడు. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలై, నేడు హాప్‌కామ్స్ పేరుతో వీధివీధిన పండ్లూ కూరగాయలూ అమ్ముతున్న సంస్థ ఆ దృష్టి ఫలితమే. ఇళ్లలో తోట వేసుకునేవారికి మార్గదర్శకంగా కె. ఎస్. గోపాలస్వామి అయ్యంగార్ బెంగళూరు నుంచి ఇంగ్లిషులో రాసిన పెద్ద ఉద్యాన గ్రంథం 1930లలో వెలువడి, మన నేలకూ రుతువులకూ తగిన సూచనలతో చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. 1965లో మన్మోహన్ అత్తావర్ స్థాపించిన ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్, 1967లో ఏర్పడి హెసరఘట్టలో క్షేత్రాలు నెలకొల్పుకున్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నగరాన్ని విత్తనాలకూ పూలమొక్కలకూ దేశస్థాయి కేంద్రంగా మార్చాయి. లాల్‌బాగ్ గోడ పక్కనున్న సిద్ధాపురలో మాత్రం పాత వృత్తి కొత్త రూపంలో కొనసాగింది. మళ్లు పోగొట్టుకున్న తిగళ కుటుంబాలు కొన్ని మిగిలిన కొద్ది నేలలో నర్సరీలు పెట్టి, అంట్లు కట్టి, గులాబీ కన్నులను మొండి జాతి గులాబీ కాండంపై అతికించి, నగరానికి మొక్కలు సరఫరా చేస్తూ వచ్చాయి.

ఆ నర్సరీలకు వచ్చేవారి అవసరాలు గత మూడు దశాబ్దాల్లో మారిపోయాయి. ఆవరణ గల ఇళ్లు పడి అపార్టుమెంట్లు లేచినందువల్ల నాటడానికి నేల లేదు, ఉన్నది పూటలో కొంతసేపే ఎండ పడే బాల్కనీ. కనుక నీడలో బతికే మనీప్లాంటు, సాన్సివేరియా, ఫెర్నుల వంటి ఆకు మొక్కలకు గిరాకీ పెరిగింది; మేడ బరువు తగ్గించడానికి ఎర్రమట్టి స్థానంలో కొబ్బరి పీచు పొట్టు వచ్చింది. పొట్టు తడిని బాగా పట్టి ఉంచుతుంది గానీ దానికి తనదైన సారం దాదాపు లేదు, కనుక వర్మికంపోస్టో ద్రవరూపపు ఎరువో తరచూ అందించకపోతే మొక్క పాలిపోతుంది. ఒండ్రుమట్టి మళ్లలో తరాల పాటు పంట తీసిన ఊరిలో మట్టి లేకుండా మొక్కను పెంచే విద్య ఇప్పుడు ఇంటింటి విద్య అయింది.

2024 వేసవిలో బోర్లు ఎండి నీటి కటకట ఏర్పడినప్పుడు, తాగునీటిని కార్లు కడగడానికీ తోటలకూ వాడితే 5,000 రూపాయల జరిమానా విధిస్తామని బెంగళూరు జలమండలి మార్చిలో ప్రకటించింది. ఉద్యానాల వల్ల పేరు తెచ్చుకున్న నగరంలో మొక్కకు కుళాయి నీరు పోయడం శిక్షార్హం కావడానికి కారణం మొక్కలు కావు. ఊరి నీటిని ఊళ్లోనే నిలిపిన చెరువులను చేజార్చుకుని, వంద కిలోమీటర్ల దూరం నుంచి పైకి ఎత్తిపోసే నదిని ఒక్కదాన్నే నమ్ముకోవడమే ఆ కారణం. బాల్కనీ మొక్కలు గలవారికి మిగిలిన దారి బియ్యం కడిగిన నీరూ, కూరగాయలు కడిగిన నీరూ పట్టి ఉంచి పోయడం. నీటి శుద్ధి యంత్రం వదిలేసే నీటిని వాడేవారూ ఉన్నారు గానీ, దానిలో లవణాలు ఎక్కువ కనుక మామూలు నీటితో పలుచన చేయకుండా వరుసగా పోస్తే కొన్ని వారాల్లోనే ఫెర్నుల ఆకుల అంచులు మాడటం మొదలవుతుంది.